మీ కోర్టు సీన్లు చూసి మా ఊరివాళ్లు కోర్టుకు వస్తున్నారు

తెలుగు ధారావాహికలు రాసే రచయితలకు, తీసే దర్శకులకు, వాటిని ఎంపిక చేసే ఛానళ్ల బాధ్యులకు

నమస్కారం.

నేను మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి రాస్తున్నాను. కాళేశ్వరం గుడికి వచ్చినప్పుడు గోదావరికి అవతలి ఒడ్డున మీరు చూసి ఉంటారే, అదే మా వైపు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. ఇక్కడ చాలా ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ, అడవిని ఆనుకున్న పల్లెల్లో గోండి, మాడియా. పొలం కాగితమైన సాత్‌బారా, పోలీసులు రాసే పంచనామా, కోర్టు నుంచి వచ్చే సమన్లు అన్నీ మరాఠీలోనే వస్తాయి. సాయంత్రమయ్యాక టీవీ మాత్రం మాతో తెలుగులో మాట్లాడుతుంది. ఆ టీవీ గురించే ఈ లేఖ.

పదకొండేళ్లుగా నేను పారా లీగల్ వాలంటీరుగా పనిచేస్తున్నాను. వకీలును కాను. కోర్టు మెట్లెక్కడానికి భయపడేవాళ్లకు తోడుగా వెళ్లే మనిషిని. దరఖాస్తు రాసిపెడతాను, మరాఠీ కాగితం చదివి తెలుగులో అర్థం చెబుతాను, ఉచిత వకీలును పెట్టించేదాకా ఆఫీసుల చుట్టూ తిరుగుతాను. నా దగ్గరికి వచ్చినవాళ్లలో కోర్టు లోపల ఎన్నడూ అడుగుపెట్టనివాళ్లే ఎక్కువ. అయినా లోపల ఏం జరుగుతుందో వాళ్లందరికీ గట్టిగా తెలుసు. ఎవరు ఎక్కడ నిలబడతారో, ఏం అడుగుతారో, జడ్జి ఎప్పుడు కోప్పడతారో చెప్పగలరు. అదంతా మీ సీన్లలో నేర్చుకున్నదే.

మిరపకాయల కోతకు ముఠాలుగా తెలంగాణకు వెళ్లే మా వైపు ఆడవాళ్లలో ఒకామె కొంతకాలం కిందట నా దగ్గరికి వచ్చింది. పనిచోట తన మీద అఘాయిత్యం జరిగింది. ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాం. సగం పేజీ అయ్యాక నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"నన్ను కూడా అందరి ముందూ అలా అడుగుతారా అక్కా?"

ఎలా అని అడిగాను. ఆ వారం వచ్చిన ఒక సీరియల్‌లోని సీను చెప్పింది. బోనులో ఒక అమ్మాయి. నల్లకోటు వకీలు ఆమె చుట్టూ తిరుగుతూ, నీకు ఇంతకుముందు ఎంతమందితో స్నేహం, ఆ వేళప్పుడు బయట నీకేం పని, మొగుడు ఎందుకు వదిలేశాడు అని ఒకదాని వెంట ఒకటి వేస్తాడు. హాలంతా నవ్వుతుంది. జడ్జి కాగితాలు చూసుకుంటూ ఉంటాడు. అమ్మాయి ఏడుస్తుంది, కెమెరా ఆ కన్నీళ్ల దగ్గరే చాలాసేపు ఆగుతుంది. ఆ సీను నేనూ చూశాను. మరుసటి రోజు కథానాయకుడు వచ్చి ఆమెను గెలిపిస్తాడు.

"చివరికి గెలిచింది కదా" అన్నాను.

"గెలిచింది అక్కా. కానీ అడిగారు కదా."

అలా అడగడానికి చట్టం ఒప్పుకోదని చెప్పాను. అత్యాచారం కేసు విచారణ మూసిన తలుపుల వెనుక జరగాలని 1983లోనే చట్టం మారింది. బాధితురాలి నడవడిక మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టేయడానికి వీలిచ్చిన పాత నిబంధనను 2002 సవరణతో తీసేశారు. సమ్మతి ఉందా లేదా అన్నది తేల్చాల్సి వచ్చినప్పుడు ఆమె గత సంబంధాల గురించి, శీలం గురించి ప్రశ్నలు వేయకూడదని 2013లో మరింత గట్టిగా రాశారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ నిషేధం ఉంది. ఇవన్నీ ఆమెకు అర్థమయ్యే మాటల్లో ఓపికగా చెప్పాను. శ్రద్ధగా వింది. "టీవీలో జడ్జిగారు ఆపలేదు" అంది. సగం రాసిన కాగితం మడిచి కొంగులో కట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

కోర్టుల్లో అలాంటి ప్రశ్నలు ఇప్పటికీ వినిపిస్తాయని నాకు తెలుసు. చట్టం రాసినంత మాత్రాన వకీళ్లందరూ మారిపోలేదు. కానీ వినిపించినప్పుడు అడ్డుకునే వీలుందన్న సంగతి ఆ సీనులో ఎక్కడా లేదు. దాన్ని చూసిన లక్షల మందికి ఇది మామూలే, ఇలాగే జరుగుతుంది, కావాలంటే భరించాలి అన్న మాట చేరింది. మీరు దాన్ని సందేశం అనుకోలేదు. ఆమె అనుకుంది.

ఈ విషయం మా జిల్లా నుంచి చెప్పడానికి ఒక కారణం ఉంది. గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస మా సిరొంచ అయితే ఉత్తరపు కొసన దేశాయిగంజ్ ఉంది. 1972 మార్చి 26 రాత్రి ఆ దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ బాలిక మీద ఒక పోలీసు అత్యాచారం చేశాడని, మరో పోలీసు లైంగికంగా వేధించాడని కేసు నడిచింది. అప్పటికి గడ్చిరోలి జిల్లా పుట్టలేదు, అదంతా చంద్రపూర్ జిల్లా. న్యాయశాస్త్ర పుస్తకాలు దాన్ని మథుర కేసు అంటాయి. ఆమెకు ముందే శారీరక సంబంధం అలవాటు ఉందంటూ సెషన్స్ కోర్టు నిందితులను వదిలేసింది. బొంబాయి హైకోర్టు శిక్ష వేసింది. ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ఆమె ప్రతిఘటించలేదని 1978లో సుప్రీంకోర్టు మళ్లీ వదిలేసింది. మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధాగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్ర ఉపాధ్యాయులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లోబడిపోవడం వేరు, సమ్మతించడం వేరు అన్నది అందులోని వాదన. ఆ లేఖ తర్వాత దేశమంతటా ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. పోలీసు నిర్బంధంలో ఉన్న స్త్రీ నేను ఒప్పుకోలేదు అని కోర్టులో చెబితే ఆ మాటను నిజమనే అనుకుని విచారణ సాగించాలని సాక్ష్య చట్టంలో చేరింది. పెనుగులాడలేదు కాబట్టి సమ్మతించినట్టే అనుకోకూడదని 2013 సవరణ విడమరిచి చెప్పింది.

మా అడవి జిల్లాలో ఒక అమ్మాయి పడ్డ బాధ నుంచి ఈ దేశపు ఆడవాళ్లందరికీ దక్కిన రక్షణ ఇది. అదే జిల్లాలో యాభై ఏళ్ల తర్వాత మరొక ఆడది ఆ రక్షణ ఉందని నమ్మలేక కాగితం మడిచి వెళ్లిపోయింది. ఆ నలుగురూ సుప్రీంకోర్టుకు రాశారు. నేను మీకు రాస్తున్నాను. మా పల్లెల్లో కోర్టు అంటే ఏమిటో మొదట చెప్పేది మీరు కాబట్టి.

మీ వైపు నుంచి వచ్చే జవాబు నాకు తెలుసు. మాది వినోదం, ఇందులో రాజకీయం లేదు, సామాజిక సందేశాలు పెడితే జనం ఛానల్ మారుస్తారు అంటారు. ఇదే మాట మా ఇంట్లో మరోలా వచ్చింది. నాగపూర్‌లో చదువుకునే మా అక్క కొడుకు సెలవులకు వచ్చినప్పుడు బోస్టన్ లీగల్ అనే అమెరికా ధారావాహిక చూస్తుంటాడు. 2004 నుంచి 2008 వరకు అక్కడ ప్రసారమైంది. దాన్ని సృష్టించిన డేవిడ్ కెల్లీ స్వయంగా బోస్టన్‌లో వకీలుగా పనిచేసినవాడు. అందులో అలన్ షోర్ అనే వకీలు ఇరాక్ యుద్ధం మీద, మరణశిక్ష మీద కోర్టులోనే పెద్ద పెద్ద ప్రసంగాలు చేస్తాడు. మావాడు నాకు అర్థం చెబుతూ చెబుతూ విసుక్కున్నాడు. "ఇది నాటకమా పిన్నీ, పార్టీ ప్రచారమా? కథ కోసం కూర్చుంటే ఉపన్యాసం వినిపిస్తున్నాడు."

వాడి ఫిర్యాదులో నిజం లేకపోలేదు. ఆ ప్రసంగాలన్నింటిలో బలమైన మాటలు ఒక పక్షానికే దక్కుతాయి, అవతలి వకీలు తడబడతాడు. న్యాయంగా వాదం జరగాలంటే ఎదుటివాడికీ మంచి మాటలు రాయాలి. అయితే అందులోనే అలన్‌కు ప్రాణస్నేహితుడైన ముసలి వకీలు డెన్నీ క్రేన్ పూర్తిగా ఎదుటి రాజకీయం మనిషి. ఎపిసోడ్ చివర ఇద్దరూ బాల్కనీలో కూర్చుని మాట్లాడుకుంటారు. ఒకరు ఏ పక్షమో, ఇంకొకరు ఏ పక్షమో దాపరికం లేదు. చూసేవాడికి కాదనే వీలుంది. మావాడు కాదన్నాడు కూడా. నాతో గంటసేపు వాదించాడు.

మీ సీరియల్ చూసి ఆమె వాదించలేదు. మీరు ఏదైనా అభిప్రాయం చెబుతున్నారన్న అనుమానమే ఆమెకు రాలేదు. లోకం తీరు ఇదీ అని చూపించారనుకుంది. అందుకే సందేశం ఉండాలా వద్దా అన్న చర్చ నాకు సరైన చర్చగా తోచదు. కోర్టు గదిని తెర మీద పెట్టాక ఎవరికి మాట్లాడే అవకాశం ఇచ్చారు, ఎవరిని ఎవరు ఆపారు, ఎవరు డబ్బు కట్టారు, ఎవరు చేతులు జోడించి నిలబడ్డారు అన్న ప్రతి ఎంపికా రాజకీయమే. నోరు తెరిచి చెప్పే సందేశంతో జనం పోట్లాడగలరు. సెట్‌లో, సంభాషణలో, జడ్జి మౌనంలో కలిసిపోయిన సందేశం మాత్రం అలాగే లోపలికి వెళ్లిపోతుంది.

మీ కథల్లో పేదవాడి కేసు ఎవరు పట్టించుకుంటారో చూడండి. దయగల వకీలు ఒకడుంటాడు. ఫీజు వద్దంటాడు. పేదవాడు అతని కాళ్ల మీద పడబోతే లేవనెత్తుతాడు. చూస్తుంటే నాకూ కళ్లు చెమ్మగిల్లుతాయి, దాచుకోను. కానీ ఆ సీను ఏం చెబుతోంది? డబ్బు లేనివాడికి న్యాయం కావాలంటే ఒక మంచివాడు తటస్థపడాలని చెబుతోంది. పేదవాళ్లకు ఉచిత న్యాయ సహాయం అందాలని చెప్పే 39ఎ అధికరణం 1976లో రాజ్యాంగంలో చేరింది. 1987లో చేసిన న్యాయ సేవల ప్రాధికార చట్టం 1995 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయం ఎంతైనా సరే ప్రభుత్వ ఖర్చుతో వకీలును పెట్టాలి. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. మీరు వేల ఎపిసోడ్లు తీశారు. నేను చూసినన్నింటిలో ఒక్క పాత్ర కూడా "నాకు ఉచిత వకీలును పెట్టండి" అని జడ్జిని అడగలేదు. దాంతో నా దగ్గరికి వచ్చేవాళ్లు హక్కు అడగడానికి వచ్చినట్టు రారు. భిక్షకు వచ్చినట్టు వస్తారు. చేతిలో కోడినో, సంచిలో కొత్త మిరపకాయలనో పట్టుకుని వస్తారు. తిప్పి పంపేసరికి నాకు ప్రాణం పోయినంత పని అవుతుంది.

పోలీసు చెంపదెబ్బ కొట్టగానే నిజం బయటపడే సీన్ల గురించి ఎక్కువ రాయను. పోలీసుల దగ్గర ఒప్పుకున్న మాట కోర్టులో నేరానికి రుజువుగా నిలబడదని చట్టం రాసినవాళ్లు బ్రిటిష్ కాలంలోనే ఎందుకు పెట్టారో మా జిల్లా కుర్రాళ్ల తల్లులను అడిగితే చెబుతారు.

భాష గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. మీ కోర్టుల్లో జడ్జి తెలుగు, వకీలు తెలుగు, నిందితుడు తెలుగు. అందరూ ఒకరికొకరు అర్థమవుతారు. మా దగ్గర ఒక ముసలి రైతు గట్టు తగాదాలో జరిగిన కొట్లాటకు సాక్షి. అది ఏ కోర్టన్నది ఇక్కడ అవసరం లేదు. బోనెక్కాడు. చెయ్యి చాపి ఎదురుచూశాడు. భగవద్గీత తెస్తారని. మన కోర్టుల్లో పుస్తకం మీద ప్రమాణం లేదు. 1969 ప్రమాణాల చట్టం ప్రకారం దేవుని పేరు మీద గానీ, మనస్సాక్షి మీద గానీ నోటితో చెబితే చాలు. ఆయనకు ఎవరూ ముందే చెప్పలేదు, నేనూ చెప్పలేదు, అది నా తప్పు. పుస్తకం రాకపోయేసరికి ఆయన ముఖం వాడిపోయింది. అవతలివాళ్ల సాక్షికి కూడా గీత ఇవ్వలేదని తెలిసి, "అయితే వాడు ఏమైనా చెప్పొచ్చన్న మాట" అన్నాడు బయటికొచ్చాక.

అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. ఆయన తెలుగులో చెప్పాడు. పక్కనున్నవాళ్లు తమకు తోచినట్టు మరాఠీలో అందించారు. జడ్జి మరాఠీలో చెప్పి టైపు చేయించారు. చివర ఆయన వేలిముద్ర వేశాడు. సాక్షి చెప్పిన భాష ఒకటి, రికార్డయిన భాష ఇంకొకటి అయినప్పుడు, సాక్షికి రెండోది రాకపోతే, రాసినదాన్ని ఆయన భాషలోకి మార్చి వినిపించాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 278వ సెక్షన్ చెప్పేది; 2024 జూలై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 313వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. వినిపించమని అడగాలని ఆయనకు తెలియదు. తెలిసే దారి లేదు. ఒకరి మాటను ఇంకొకరి భాషలోకి మార్చి చెప్పే దుబాసీ అనే మనిషిని సీరియల్‌లో ఆయన ఎన్నడూ చూడలేదు. కొట్లాటలో ఉన్న మనిషి దొంగ చెట్టు కింద నిలబడ్డాడని చెప్పానా, దొంగతనంగా నిలబడ్డాడని చెప్పానా అని ఇప్పటికీ నన్ను అడుగుతూ ఉంటాడు. దొంగ చెట్టు అంటే మా ఊళ్లో ఆ గట్టు మీద ఉన్న ఒక చింతచెట్టుకు పేరు.

దీని మీద ఒక ఎపిసోడ్ ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. చింతచెట్టు పేరు ఒక మనిషిని దొంగను చేయగలదా లేదా అన్నది చివరి నిమిషం దాకా తేలకుండా ఉంటుంది. బోనులో ముసలాయన, ఎదురుగా అర్థం కాని కాగితం, లేచి నిలబడే ఒక దుబాసీ. ఇందులో ఉపన్యాసం ఎక్కడుంది? మా నదుల ఒడ్డున ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీ వెనుక నిలిచిన నీళ్లు మా వైపు పొలాల్లోకి వచ్చాయి. కట్టిన ప్రభుత్వం ఒక రాష్ట్రానిది, మునిగిన సాత్‌బారా ఇంకో రాష్ట్రానిది. ఆ రైతు ఏ ఊరి మెట్లెక్కాలి? మాకు జిల్లా కేంద్రం 200 కిలోమీటర్లకు పైగా దూరం. తెల్లవారకముందే బస్సెక్కి వెళ్లి, మరో తారీఖు ఇచ్చారని విని వెనక్కి రావడమే ఒక కథ. అవతలి ఒడ్డున వాయిదా అంటారు, మేం తారీఖ్ అంటాం, ఖర్చు ఒకటే. ఆ తారీఖుకు పోయిన కూలీ ఎంత, పిల్లలను ఎవరి దగ్గర వదిలి వెళ్లారు అన్నది మీ తెర మీద ఎన్నడూ రాలేదు. మీ కేసులన్నీ ఒక్క వారంలో తేలిపోతాయి. ఆలస్యమైతే తప్పు తమదేననుకునేవాళ్లు నా దగ్గరికి వస్తున్నారు. వకీలు మంచివాడు కాడేమో, మన వైపు నిజం లేదేమో అని వాళ్లలో వాళ్లే కుమిలిపోతున్నారు.

ప్రకటనదారులు ఒప్పుకోరంటారా? 1962లో అమెరికాలో ది డిఫెండర్స్ అనే వకీళ్ల ధారావాహిక గర్భస్రావం చట్టం మీద ఒక ఎపిసోడ్ తీసింది. అప్పటికి అక్కడ అది నేరం. ఎప్పుడూ ప్రకటనలిచ్చే కంపెనీలు ఆ ఒక్క ఎపిసోడ్‌కు తప్పుకున్నాయి. కొన్ని స్టేషన్లు ప్రసారం చేయబోమన్నాయి. గడియారపు పట్టీలు చేసే స్పైడెల్ అనే మరో కంపెనీ ముందుకొచ్చింది, ఎపిసోడ్ వెళ్లింది. ఆ ధారావాహిక 1965 దాకా నడిచింది. వాళ్ల దేశం, వాళ్ల చట్టం వేరు. తీయాలనుకున్నవాళ్లకు తీసే దారి దొరికింది అన్నంతవరకే నేను చెబుతున్నది.

మా అక్క కొడుక్కి విసుగు తెప్పించినట్టు మీరూ ప్రసంగాలు పెట్టాలని నేను కోరడం లేదు. కోరుతున్నది చాలా చిన్నది. తదుపరి సీనులో బోనులో ఉన్న అమ్మాయిని ఆ వకీలు అదే ప్రశ్న అడగనివ్వండి, విలన్ కదా, అడుగుతాడు. కానీ కాగితాలు చూసుకుంటున్న ఆ జడ్జి పాత్రను ఒక్కసారి తల ఎత్తనివ్వండి. "ఈ ప్రశ్న చెల్లదు, రికార్డు నుంచి తీసేయండి" అనిపించండి. నాటకం తగ్గదు, పెరుగుతుంది. మీ నటులకు ఆ క్షణంలో ఎంత పని దొరుకుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఆ ఒక్క మాట విన్న రోజు ఎవరి ఇంట్లోనో మడిచి పెట్టిన కాగితం మళ్లీ విప్పుతారని నేను నమ్ముతున్నాను.

ఆ సీను రాసే ముందు కింది కోర్టులో రోజూ కూర్చునే ఎవరితోనైనా మాట్లాడండి. పెద్ద వకీలే అక్కర్లేదు. బెంచి క్లర్కు చెబుతాడు, వకీళ్ల గుమాస్తా చెబుతాడు. లేదా ఇటు రండి. కాళేశ్వరం నుంచి వంతెన దాటితే మా ఊరే. మామూలు కేసుల విచారణ తలుపులు తెరిచే జరుగుతుంది, వెనక బల్ల మీద ఎవరైనా కూర్చోవచ్చు. పదకొండు గంటలకు పేర్లు పిలవడం మొదలవుతుంది. నేను మీ పక్కన కూర్చుని మరాఠీని తెలుగులో చెబుతాను.

ఇట్లు,
ఒక పారా లీగల్ వాలంటీరు
సిరొంచ, గడ్చిరోలి జిల్లా